రైట్ బ్రదర్స్ జిగురు నుంచి ట్రాక్ బైక్ తీగ దాకా: నట్టు ఊడకుండా ఆపిన కథ

ఈరోజు టాపిక్ చాలా సన్నది. సుమారు 0.8 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టీల్ తీగ.

ట్రాక్ మీద తిరిగే బైకుని దగ్గరగా చూడండి. వెనక యాక్సిల్ నట్టుకి, బ్రేక్ కాలిపర్ బోల్టులకి, ఇంజిన్ ఆయిల్ డ్రెయిన్ ప్లగ్గుకి జడలా అల్లిన తీగ కనిపిస్తుంది. దాన్నే సేఫ్టీ వైర్ అంటారు, లాక్ వైర్ అని కూడా అంటారు. ఇంత టెక్నాలజీ వచ్చాక కూడా ఇంకా తీగతో కట్టడం ఏంటి? జవాబు కావాలంటే 1903కి వెళ్ళాలి.

ఆ ఏడాది నవంబర్‌లో అమెరికాలోని కిట్టీ హాక్ దగ్గర రైట్ బ్రదర్స్ తమ విమానం ఇంజిన్‌ని టెస్ట్ చేస్తున్నారు. ప్రొపెల్లర్లు తిరిగేది సైకిల్ లాగే చెయిన్, స్ప్రాకెట్‌తో. కానీ ఇంజిన్ కుదుపులకి షాఫ్ట్ మీద స్ప్రాకెట్లు ఊరికే లూజ్ అయిపోతున్నాయి. ఎంత బిగించినా అదే కథ. చివరికి ఏం చేశారో తెలుసా? వాళ్ళు సైకిల్ షాపు నడిపినవాళ్ళు కదా, సైకిల్ టైరు అతికించే జిగురు తెచ్చి పూసేశారు. స్ప్రాకెట్లు ఆగిపోయాయి! తర్వాత షాఫ్టులే పగిలి, కొత్తవి చేయించాల్సి వచ్చింది, అది వేరే కథ. డిసెంబర్ 17న విమానం ఎగిరింది.

అంటే మొదటి విమానం ఎగరకముందే ఈ సమస్య మొదలైపోయింది అన్నమాట. ఇంజిన్ ఉన్నచోట కుదుపు ఉంటుంది. కుదుపు ఉన్నచోట నట్టు వదులవుతుంది. రోడ్డు మీద నట్టు ఊడితే బండి పక్కన పెట్టుకోవచ్చు, ఆకాశంలో ఎక్కడ పెడతాం? అందుకే విమానాల వాళ్ళు బోల్టు తలకి చిన్న రంధ్రం చేసి, అందులోంచి తీగ దూర్చి, మెలి తిప్పి, కదలని భాగానికో పక్క బోల్టుకో కట్టడం పద్ధతిగా పెట్టుకున్నారు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. తీగ ఎప్పుడూ బోల్టుని బిగిసే వైపుకే లాగాలి. అప్పుడు బోల్టు వదులయ్యే వైపు తిరగబోతే తీగ అడ్డుపడుతుంది. ఉల్టా కడితే ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మరి ఇది బైకు రేసుల్లోకి ఎలా వచ్చింది? కారణాలు చాలానే ఉండొచ్చు, కానీ విమానాలకీ రేసులకీ ఉన్న చుట్టరికం మాత్రం కళ్ళ ముందే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక బ్రిటన్‌లో ఎయిర్‌ఫీల్డులు ఖాళీగా మిగిలాయి. సిల్వర్‌స్టోన్, గుడ్‌వుడ్, స్నెటర్టన్, థ్రక్స్టన్, ఈ రేస్ ట్రాకులన్నీ ఒకప్పుడు యుద్ధ విమానాలు దిగిన చోట్లే. మన పక్కనే చూడండి. మద్రాసు దగ్గర షోలవరం కూడా యుద్ధకాలం నాటి రన్‌వేనే. 1950ల నుంచి దశాబ్దాల పాటు దక్షిణాదిలో రేస్ అంటే షోలవరమే. ఆ తర్వాత 1990లో శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చింది. హైదరాబాద్, విజయవాడ కుర్రాళ్ళు ట్రాక్ డే కోసం ట్రక్కులో బైకు ఎక్కించుకుని అక్కడికి కూడా వెళ్తుంటారు.

ఈలోపు తీగకి పోటీ కూడా వచ్చింది. 1930ల్లో లోపల మెత్తటి రింగు ఉండి, మరలని గట్టిగా పట్టుకునే నట్టు వచ్చింది. మనం ఇప్పుడు నైలాక్ అనేది దాని వారసుడే. 1953లో అమెరికాలో వెర్నన్ క్రీబుల్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్, గాలి తగలని చోట గట్టిపడే జిగురు తయారుచేశాడు. అదే లాక్‌టైట్. రైట్ బ్రదర్స్ ఐడియాకే 50 ఏళ్ళ తర్వాత వచ్చిన కొత్త వెర్షన్ అనుకోవచ్చు.

అసలు నట్టు ఎందుకు వదులవుతుందో బాగా తేలింది మాత్రం 1969లో. గెర్హార్డ్ యుంకర్ అనే ఇంజినీరు ఒక మిషన్ మీద బోల్టుల్ని కుదిపి చూశాడు. నిలువుగా లాగే కుదుపు కంటే, బిగించిన రెండు ముక్కలూ అడ్డంగా అటూ ఇటూ జారే కుదుపే ప్రమాదమని తేల్చాడు. ఎందుకంటే, బోల్టు బిగిస్తే అది స్ప్రింగ్‌లా కొంచెం సాగుతుంది. ఆ సాగిన బలమే ముక్కల్ని నొక్కి పట్టుకుంటుంది, ఆ నొక్కుడు వల్ల వచ్చే రాపిడే నట్టుని ఆపుతుంది. ముక్కలు అడ్డంగా జారితే రాపిడి పట్టు తప్పుతుంది, నట్టు తనంతట తనే తిరుగుతుంది.

ఇప్పుడు అసలు పాయింట్. తీగ ఆ బలాన్ని కాపాడలేదు! నట్టు కొద్దిగా వెనక్కి తిరిగినా బిగింపులో చాలా భాగం పోతుంది, తీగలో ఆ కొద్దిపాటి సందు ఉంటుంది. తీగ చేసేది ఒక్కటే, నట్టు పూర్తిగా ఊడి పడిపోకుండా ఆపడం. ఎడ్లబండి ఇరుసు చివర కొట్టే చీల చూశారా? అది చక్రాన్ని బిగించదు, జారిపోకుండా చూస్తుంది. ఇదీ అంతే. మా భాషలో చెప్పాలంటే ఇది ట్రై-క్యాచ్ లాంటిది. ప్రోగ్రామ్ క్రాష్ అవ్వదు, కానీ బగ్ అక్కడే ఉంటుంది.

మరి రేసుల్లో తీగ ఎందుకు బతికి ఉంది? ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది. నట్టు ఎంత టార్క్‌తో బిగించారో బయటనుంచి చూస్తే తెలీదు, లోపల లాక్‌టైట్ పూశారో లేదో అంతకన్నా తెలీదు. తీగ ఉందా లేదా అనేది స్క్రూటినీరింగ్‌లో ఒక్క చూపులో తేలిపోతుంది. ప్రపంచ స్థాయి రేసుల రూల్ బుక్ డ్రెయిన్ ప్లగ్గులకి తీగ తప్పనిసరి అంటుంది. అది మీ కోసం మాత్రమే కాదు. మీ బైకు ఆయిల్ కార్నర్‌లో పడితే జారేది మీ వెనక వచ్చేవాడు. యాక్సిల్ నట్టు కూడా అంతే. చక్రం కదిలితే పడేది మీరొక్కరే కాకపోవచ్చు.

కాబట్టి ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ముందు టార్క్ రెంచ్, తర్వాతే తీగ. మీ బైకు మాన్యువల్‌లో ఉన్న నంబర్‌కి బిగించాకే కట్టండి. స్లాబు ఊచలకి కట్టే బైండింగ్ వైర్ వాడకండి, అది మెత్తగా ఉంటుంది, తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ తీగ తెచ్చుకుని అంగుళానికి 6 నుంచి 8 మెలికలు పడేలా అల్లండి. ఒకసారి విప్పిన తీగని మళ్ళీ కట్టొద్దు. కొనని లోపలికి మడవండి, లేకపోతే వేలు తెగుతుంది. రంధ్రం వేయడం చేతకాకపోతే రంధ్రాలున్న నట్లే కొనుక్కోండి. పక్కకి పోయిన డ్రిల్లు నట్టు బలాన్నే తినేస్తుంది.

ప్రతి సెషన్ తర్వాత ఆ తీగని ఒకసారి చూడండి. ఒకవైపు బాగా బిగుసుకుని కనిపిస్తే, నట్టు తిరగాలని చూసిందని అర్థం. అప్పుడు తీగ మార్చి ఊరుకోకండి, అది ఎందుకు తిరిగిందో వెతకండి.

మీ బైకులో ఏ నట్టు ఎక్కువగా లూజ్ అవుతుందో కామెంట్‌లో చెప్పండి.