పాయింట్లు సెట్ చేసిన చేతులు

1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండు రాయల్ ఎన్‌ఫీల్డ్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పాయి. ఆ కంపెనీ తిరువొత్తియూరులో చేసిన బుల్లెట్ మోటార్‌సైకిళ్లతో పాటే, విడిపోయినప్పుడు స్పార్క్ రప్పించే ఇగ్నిషన్ పాయింట్లను సెట్ చేసే విద్య కూడా ఊరూరి షెడ్లకు చేరింది.

బండి మిస్ కొడుతుంటే మేస్త్రీ పాయింట్ల మూత విప్పేవాడు. మొనలు కాలి నల్లబడితే కండెన్సర్ మీద అనుమానం. సందును ఫీలర్ గేజ్‌తో 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లకు సరిచేసేవాడు. ఆపై టైమింగ్: పిస్టన్ పైకొసకు 0.8 మిల్లీమీటర్లు ఉందనగా పాయింట్లు విడిపోవాలి. ఆ క్షణాన్ని పట్టుకోవడానికి సిగరెట్ కాగితం చాలు. ఇంజన్‌ను మెల్లగా తిప్పుతుంటే, పాయింట్ల మధ్య బిగిసిన కాగితం ఎక్కడ వదులై జారితే అక్కడే విడిపోయినట్టు. ఆమ్మీటరు ముల్లు కూడా అప్పుడే సున్నాకు వచ్చేది.

ఇంత సన్నని కొలతను ఇంత చౌకగా తీయడం నిజంగా గొప్ప పనితనం.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చాక కొత్త బళ్లకు ఈ అవసరం పోయింది. పాత బుల్లెట్లకు మాత్రం ఇప్పటికీ ఆ కాగితమే దిక్కు.