చెకుముకి తుపాకి, టోపీ తుపాకి: ఎంపిక ఎవరిది?

గొట్టం మూతి నుంచి మందూ గుండూ దట్టించే తుపాకుల చరిత్రలో చెకుముకి నుంచి టోపీకి జరిగిన మార్పును కేవలం సాంకేతిక ప్రగతిగా వర్ణించడం పరిపాటి. ఆ మార్పు ఎవరికి ముందు అందింది, ఎవరికి ఆలస్యంగా అందింది అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

చెకుముకి తుపాకిలో మీట నొక్కగానే రాయి ఉక్కురేకును ఒరుసుకొని నిప్పురవ్వలు రాలుస్తుంది. అవి గిన్నెలోని రంజకాన్ని అంటించగా, ఆ మంట సన్నని రంధ్రం గుండా గొట్టంలోని మందును చేరుతుంది. వాన పడితే మొదట చెడేది రంజకమే. దెబ్బ తగిలితే పేలే రసాయనాన్ని తుపాకికి వినియోగించే పద్ధతికి 1807లో స్కాట్లండు మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సిత్ పేటెంటు పొందాడు. తరువాత ఆ రసాయనం చిన్న రాగిటోపీలో ఇమిడింది. దానితో రంజకం అవసరం తీరిపోయింది.

1834లో ఇంగ్లండులోని వూలిచ్‌లో రెండు రకాలనూ చెరి 6,000 సార్లు పేల్చి పరీక్షించారు. చెకుముకి 922 సార్లు విఫలమైంది. టోపీ 36 సార్లు మాత్రమే. అంటే మొదటిది దాదాపు ప్రతి ఆరున్నర ప్రయత్నాలకు ఒకసారి, రెండవది సుమారు 166 ప్రయత్నాలకు ఒకసారి మొరాయించాయి.

అయినా చెకుముకిని సమర్థించేవారి వాదన నిరాధారం కాదు. అరిగిన రాయిని చెక్కి వాడుకోవచ్చు, మరొక రాయిని వెతుక్కోవచ్చు. టోపీలు కర్మాగారం నుంచే రావాలి. అవి అయిపోతే తుపాకి కర్రతో సమానం. సరఫరా కేంద్రాలకు దూరంగా, అమెరికా అరణ్యాలలో తిరిగే వేటగాళ్లలో కొందరు పాత పద్ధతినే అంటిపెట్టుకోవడానికి ఇదొక కారణం. అక్కడ ఎంపిక తుపాకి పట్టినవాడిది.

సైన్యంలో పరిస్థితి వేరు. మొదటి నల్లమందు యుద్ధంలో, 1841 మే 30న, చైనాలోని కాంటన్ సమీపాన సాన్‌యువాన్‌లీ వద్ద మద్రాసు 37వ దేశీయ పదాతిదళానికి చెందిన ఒక కంపెనీ కుండపోత వర్షంలో ప్రధాన సేన నుంచి విడిపోయింది. తెలుగువారు కూడా కొలువు చేసిన మద్రాసు సైన్యమది. వేలాది గ్రామస్థులు చుట్టుముట్టగా, తడిసిన చెకుముకి తుపాకులు పేలలేదు. సిపాయిలు చతురస్రంగా నిలబడి బాయినెట్లతో ప్రాణాలు కాపాడుకొన్నారు. వారిని వెతుకుతూ వెళ్లి విడిపించిన బ్రిటిష్ మెరైన్ల చేతుల్లో ఉన్నవి టోపీ తుపాకులు.

వూలిచ్ ఫలితాలు వెలువడి అప్పటికి ఏడేళ్లు. వాన ఒకటే, శత్రువు ఒకటే. తుపాకులు మాత్రం రెండు రకాలు. చెకుముకి లోపం ఏలినవారికి ముందే తెలుసు. దాని ఫలితం అనుభవించినది, ఆ ఎంపికలో ఏ ప్రమేయమూ లేని సిపాయి. కాబట్టి ఆయుధ చరిత్రను ఆవిష్కరణ తేదీలతో పాటు పంపిణీ క్రమాన్ని బట్టి కూడా రాయవలసి ఉంది.