గుడ్డ మాస్కు వెనక ఉన్న సంఘం

2020 వేసవిలో పత్రికలు, టీవీలు ఒక కథను పదేపదే చెప్పాయి. కరోనా వచ్చింది, దుకాణాల్లో మాస్కులు దొరకలేదు, ఆడవాళ్లు ఇళ్లలో కుట్టుమిషన్ల ముందు కూర్చుని వేలకొద్దీ మాస్కులు కుట్టి పంచారు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ మాస్కులు అప్పటికప్పుడు, కేవలం దయాగుణం వల్ల పుట్టుకొచ్చినట్టు చెప్పడం చరిత్రకు అన్యాయం చేయడమే. ఊరికి సరిపడా మాస్కులు కుట్టి ఇవ్వగలిగిన చోట్లను పరిశీలిస్తే, రోగం రాకముందే మరేదో పనికోసం కూడిన మనుషులు అక్కడ కనిపిస్తారు, ఎక్కువగా ఆడవాళ్లు. కుట్టు నేర్చిన చేతులు, గుడ్డ తెచ్చే దారి, లెక్క రాసే మనిషి, కుట్టినదాన్ని ఇంటింటికీ చేర్చే ఏర్పాటు అక్కడ ముందే ఉన్నాయి. దయ ఎక్కడైనా ఉంటుంది. అది లక్షల మాస్కులుగా మారింది మాత్రం ఈ ఏర్పాటు ఉన్నచోటే. వందేళ్ల ఆధారాలు చూస్తే నాకు తోచిన మాట ఇది.

మాస్కు మొదట ఆస్పత్రి వస్తువు. 1897లో బ్రెస్లావ్ నగరంలో కార్ల్ ఫ్లూగే, మనిషి మాట్లాడేటప్పుడు నోటి తుంపరలతో పాటు క్రిములు బయటికొస్తాయని చూపించాడు. అదే ఊళ్లో, అదే ఏడాది, శస్త్రవైద్యుడు మికులిచ్ నోటికి గాజుగుడ్డ కట్టుకుని ఆపరేషన్లు చేశాడు. ఆపరేషన్ గది దాటి అది పెద్ద ఎత్తున బయటికొచ్చింది 1910-11 శీతాకాలంలో, మంచూరియాలో. అక్కడ ఊపిరితిత్తుల ప్లేగు సుమారు 60,000 మందిని బలిగొంది. పెనాంగ్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన వూ లియెన్-తె అనే యువ వైద్యుడు హార్బిన్ చేరి, ఈ ప్లేగు మనిషి ఊపిరి నుంచే మనిషికి అంటుతోందని తేల్చాడు. గాజుగుడ్డ మడతల మధ్య దూది పెట్టిన మాస్కు కట్టుకోమన్నాడు. అతని మాట పట్టించుకోని ఫ్రెంచి వైద్యుడు మెనీ 1911 జనవరిలో అదే ప్లేగుతో చనిపోయాడు. కట్టు గుడ్డను చీల్చి, మడిచి, తల వెనక ముడేస్తే తయారయ్యే వస్తువది. దానికి కార్ఖానా అక్కర్లేదు.

కార్ఖానా అక్కర్లేని వస్తువును ఊరంతటికీ ఎవరు తయారుచేయాలన్న ప్రశ్న 1918లో అమెరికాకు ఎదురైంది. జవాబు రెడ్‌క్రాస్ మహిళల దగ్గర ఉంది. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన 1914లో అమెరికన్ రెడ్‌క్రాస్‌కు 107 శాఖలు, దాదాపు 17,000 మంది సభ్యులు ఉండేవాళ్లు. 1918 నాటికి శాఖలు 3,864 అయ్యాయి. పెద్దవాళ్లలో సభ్యులు 2 కోట్లు దాటారు, పిల్లలు మరో కోటీ 10 లక్షల మంది చేరారు. వీరిలో లక్షలాది ఆడవాళ్లు ఊరూరా ఒకచోట కూడి, యూరప్‌లోని సైనిక ఆస్పత్రులకు కట్లు మడిచేవాళ్లు, పైజమాలు కుట్టేవాళ్లు, మేజోళ్లు అల్లేవాళ్లు. గుడ్డ ఎంత కొలత, ఎన్ని మడతలు అన్నది ఎవరి ఇష్టానికీ వదలలేదు, అంతా పైనుంచి వచ్చిన సూచనల ప్రకారమే సాగేది. ఆ శరదృతువులో ఇన్‌ఫ్లూయెంజా విరుచుకుపడేసరికి గాజుగుడ్డ తానులు, కత్తెరలు ఆ గదుల్లోనే ఉన్నాయి. మడత పెట్టడం వేళ్లకు అలవాటైపోయింది. సైనికుడి గాయానికి వాడే గుడ్డనే పొరలుగా మడిచి, మూలల్లో నాడాలు కుడితే మాస్కు సిద్ధం. శాన్‌ఫ్రాన్సిస్కోలో రెడ్‌క్రాస్ అక్టోబరు 22న జనం ముందు పెట్టిన మొదటి 5,000 మాస్కులు గంటలో అయిపోయాయి. 26వ తేదీకల్లా దాదాపు లక్ష మాస్కులు జనం చేతికి చేరాయి. యుద్ధం కోసం కూడిన సంఘమే లేకపోతే, నాలుగైదు రోజుల్లో లక్ష మాస్కులు ఎంత మంచి మనసులున్నా సాధ్యమయ్యేవి కావు.

జనం మాస్కు కట్టింది చట్టం భయంతో కదా, ఇందులో సంఘం గొప్పేముంది అని అడగవచ్చు. ఆ నగర పాలకమండలి మాస్కును తప్పనిసరి చేసిన మాట నిజం. కట్టుకోనివాళ్లకు జరిమానాలు పడ్డాయి, కొందరు జైలుకూ వెళ్లారు. అయితే రెడ్‌క్రాస్ మాస్కులు పంచడం మొదలైన తర్వాతే ఆ చట్టం వచ్చింది. దొరకని వస్తువును కట్టుకోమని ఏ చట్టం శాసించగలదు? నవంబరు 21 మధ్యాహ్నం సైరన్ మోగగానే జనం మాస్కులు తీసి వీధుల్లో పారేశారు. 1919 జనవరిలో రోగం తిరగబెట్టి ఆజ్ఞ మళ్లీ వచ్చినప్పుడు మాస్కు వ్యతిరేక సంఘం పుట్టింది, సభ పెడితే సుమారు 2,000 మంది వచ్చారు. ఫిబ్రవరి 1న ఆజ్ఞ రద్దయింది. రెండో ఆజ్ఞ వచ్చేనాటికి యుద్ధం ముగిసిపోయింది. ఊళ్లను ఒక పనికి కూర్చోబెట్టిన కారణం పోయింది. రెండోసారి జనం మొరాయించడానికి విసుగుతో పాటు ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

2020లోనూ మాస్కులు ముందునుంచీ ఉన్న ఏర్పాటు నుంచే వచ్చాయి. చెక్ దేశం మార్చి 19 నుంచి ముక్కు, నోరు కప్పుకోవడం తప్పనిసరి చేసింది. సరిపడా మాస్కులు ప్రభుత్వం దగ్గర లేవు. కొద్ది రోజుల్లో దేశమంతా గుడ్డ మాస్కులతో కనిపించిందంటే కారణం, ఆ దేశంలో ఇంటి కుట్టు ఇంకా బతికే ఉండటం, మూతపడిన నాటకశాలల దుస్తుల విభాగాలు మాస్కుల పనికి మళ్లడం. అమెరికాలో నటి క్రిస్టినా వాంగ్ మొదలుపెట్టిన ‘ఆంటీ సూయింగ్ స్క్వాడ్’లో ఆసియా మూలాలున్న ఆడవాళ్లు ఎక్కువ, వారిలో చాలామంది తల్లులో అమ్మమ్మలో బట్టల కార్ఖానాల్లో పనిచేసినవాళ్లు. ఆ గుంపు 3,50,000కు పైగా మాస్కులు కుట్టి వలస కూలీలకు, ఆదివాసీ ప్రాంతాలకు పంపింది.

మన దగ్గర ఈ సంగతి మరింత తేటగా కనిపిస్తుంది. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి 3 చొప్పున సుమారు 16 కోట్ల మాస్కులు ఉచితంగా పంచాలని నిర్ణయించి, కుట్టే పనిని పొదుపు సంఘాల మహిళలకు అప్పగించింది. అప్పటికే దేశంలోని 27 రాష్ట్రాల్లో దాదాపు 20,000 సంఘాలు 1.9 కోట్లకు పైగా మాస్కులు కుట్టాయి. లాక్‌డౌన్‌లో లారీలు ఆగాయి, కార్ఖానాలు మూతపడ్డాయి. సంఘం మాత్రం ఊళ్లోనే ఉంది. అది ఎలా వచ్చిందో గుర్తుచేసుకోవాలి. 1982లో డ్వాక్రా పథకం మొదలైంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు, ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. సారా నిషేధం సాధించాక అదే కూడిక రోజుకో రూపాయి పొదుపుగా మారింది. 2000 తర్వాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం వచ్చాయి, ఊరికి గ్రామ సమాఖ్య, మండలానికి మండల సమాఖ్య ఏర్పడ్డాయి. తీర్మానం రాయడం, బ్యాంకుకు వెళ్లడం, వచ్చిన సొమ్మును సభ్యులకు పంచి సంతకం తీసుకోవడం ఈ ఆడవాళ్లకు ఏళ్ల తరబడి అలవాటు. టైలరింగ్ శిక్షణ పొందినవాళ్లు సంఘాల్లో ఉన్నారు. అప్పు తీసుకుని మిషను కొన్నవాళ్లు, జాకెట్లు కుట్టి ఇల్లు నడిపినవాళ్లు, బడిపిల్లల యూనిఫారాలు కుట్టినవాళ్లు ఉన్నారు. మాస్కు కుట్టడం వాళ్లకు కొత్త విద్య కాదు. సారాపై పోరాడిన తరం కట్టుకున్న సంఘం, 28 ఏళ్ల తర్వాత మహమ్మారి వేళ జనానికి అక్కరకొచ్చింది. ప్రజారోగ్య చరిత్ర రాసేవాళ్లు ఈ గొలుసును వదిలేయకూడదు.

ఇక్కడొక గట్టి అభ్యంతరం ఉంది. ఆంధ్రప్రదేశ్ మహిళలకు ఒక్కో మాస్కుకు సుమారు 3.50 రూపాయల కూలి ఇచ్చారు. మరి దీన్ని దానంతో కలిపి చెప్పడం న్యాయమా? మాస్కు అందుకున్న మనిషికి అది ఉచితమే. కుట్టిన మనిషికి పని దొరకని రోజుల్లో అది కూలి. ఉచితంగా కుడితేనే సేవ, డబ్బు తీసుకుంటే వట్టి కూలిపని అనే లెక్కతో నేను ఏకీభవించను. ఖద్దరు ఉద్యమంలో ఈ చర్చ ఎప్పుడో జరిగింది. 1924లో కాంగ్రెస్ సభ్యత్వానికి నెలకు 2,000 గజాల నూలు ఇవ్వాలన్నారు, అది త్యాగంగా వడికే నూలు. కూలి కోసం వడికే పేద స్త్రీల విషయానికొస్తే, 1935లో గాంధీజీ వాళ్లకు కనీస కూలి దక్కాలని పట్టుబట్టారు. ఖద్దరు ధర పెరిగి అమ్మకాలు పడిపోతాయన్న వాదన వచ్చినా ఆయన వెనక్కి తగ్గలేదు. తిండికి లోటు లేనివాళ్ల త్యాగాన్ని, రోజు కూలి మీద బతికేవాళ్ల శ్రమను ఒకే తూకంతో తూచకూడదని ఆయనకు తెలుసు. ఆ దృష్టితో చూస్తే 3.50 రూపాయల గురించి అడగాల్సిన ప్రశ్న వేరు. 500 రూపాయలు చేతికి రావాలంటే 143 మాస్కులు కుట్టాలి. 8 గంటలు లేవకుండా కూర్చున్నా ఒక్కోదానికి 3 నిమిషాల పైచిలుకే దొరుకుతుంది. మడతలు పెట్టి, అంచు కుట్టి, ఎలాస్టిక్ బిగించడానికి ఆ సమయం చాలదని మిషను తొక్కిన ఎవరైనా చెబుతారు. ఆ కూలి ఇంకా పెరగాల్సింది.

చివరి అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. గుడ్డ మాస్కు అసలు పనిచేసిందా? 1920లో కాలిఫోర్నియా రాష్ట్ర ఆరోగ్యశాఖ వైద్యుడు విల్‌ఫ్రెడ్ కెల్లాగ్ ప్రయోగాలు చేసి, గాజుగుడ్డ మాస్కు తుంపరలను సరిగా ఆపాలంటే పొరలు బాగా పెంచాలని, అప్పుడు ఊపిరాడదని తేల్చాడు. 2015లో వెలువడిన హనోయ్ ఆస్పత్రుల అధ్యయనం వైద్య సిబ్బందికి గుడ్డ మాస్కు తగదంది. బంగ్లాదేశ్‌లో 2020 నవంబరు నుంచి 2021 ఏప్రిల్ వరకు దాదాపు 600 గ్రామాల్లో, సుమారు 3,40,000 మంది పెద్దవాళ్లతో జరిగిన అధ్యయనంలో సర్జికల్ మాస్కులిచ్చిన ఊళ్లలో లక్షణాలతో కూడిన కరోనా తగ్గినట్టు తేలింది. గుడ్డ మాస్కుల ఊళ్లలో తగ్గిందో లేదో గట్టిగా చెప్పలేకపోయారు. గుడ్డ బలహీనమైన కవచమన్నది ఒప్పుకోవాల్సిందే. 2020 ఏప్రిల్‌లో మాత్రం సామాన్యుడి ముందున్నది సర్జికల్ మాస్కా, గుడ్డ మాస్కా అన్న ఎంపిక కాదు. ఉన్న సర్జికల్ మాస్కులు ఆస్పత్రులకే చాలలేదు. గుడ్డయినా కట్టుకోవాలి, లేదా ఏదీ లేకుండా తిరగాలి. పైగా బంగ్లాదేశ్ అధ్యయనంలో నా వాదనకు బలమిచ్చే అంకె ఒకటుంది. మాస్కులు ఇంటింటికీ ఉచితంగా ఇచ్చి, బజారులోనూ మసీదు దగ్గరా గుర్తుచేసే మనుషుల్ని పెట్టి, ఊరి పెద్దలతో చెప్పిస్తే సరిగా మాస్కు పెట్టుకునేవాళ్లు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. ఆ మనుషులు వెళ్లిపోయి నెలలు గడిచేసరికి ఆ పెరుగుదలలో చాలాభాగం కరిగిపోయింది.