అప్పు కాని ఋణము – ఘాతాంకముల చరిత్ర

కోవిల్‌పట్టి, విరుదునగరు ప్రాంతముల నల్లరేగడి నేలలకు విజయనగర, నాయకరాజుల కాలమున తెలుగు కుటుంబములు పెక్కులు వలస వచ్చి స్థిరపడినవి. మిరప, పప్పుధాన్యములు, నూనెల వర్తకముచే విరుదునగరును, అగ్గిపెట్టెల పరిశ్రమచే కోవిల్‌పట్టియు పేరుగాంచినవి. లెక్క లేనిదే దినము గడువని ఊళ్లివి. ఋణమనగా అప్పు అని ఇచటి తెలుగు ఇండ్లలో పసివారికిని తెలియును. అయినను 2⁻³ అను రాశిని చూచినంతనే విద్యార్థులు పలువురు −8 అని వ్రాయుదురు. సరియైన విలువ 1/8. ఈ పొరపాటు కేవలము అజాగ్రత్తవలన కలుగునది కాదు. "ఋణము" అను ఒకే మాట గణితమున రెండు చోట్ల రెండు పనులు చేయుటయే దీనికి మూలము. ఆ రెండు పనుల నడుమ వేయి సంవత్సరముల చరిత్ర కలదు.

బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున ధన, ఋణ సంఖ్యల గుణకార భాగహారములకు నియమములు చెప్పెను. ఋణమును ఋణముచే గుణించిన ధనమగునని అందు కలదు. ఇచట ఋణము నిజముగా అప్పువంటిదే. సున్నకు దిగువనుండు సంఖ్య.

వేర్వేరు చరరాశులకు పేర్లు పెట్టుటయందును భారతీయుల మార్గము రమ్యమైనది. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దిలో రచించిన బీజగణితమున తెలియని తొలి రాశికి యావత్తావత్తు అనియు, తరువాతి వానికి కాలకము, నీలకము, పీతకము, లోహితకము అనియు రంగుల పేర్లు వాడెను. వ్రాతలో యా, కా, నీ అను తొలి అక్షరములే నిలిచినవి. ఒకే వర్ణము, ఒకే ఘాతము గలవానినే కలుపవలెను. భిన్నములైన వానిని వేరుగా నుంచవలెను. నేటి సూక్ష్మీకరణమునకు ఇదియే తొలి మెట్టు. తెలుగునకును గణితము కొత్త కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన సారసంగ్రహ గణితమను పేర తెనుగు పద్యములలోనికి తెచ్చెను.

అయితే ఆ కాలమున ఘాతములకు వర్గము, ఘనము, వర్గవర్గము అను పేర్లే కాని అంకెలు లేవు. పేర్లతో పైకి ఎక్కవచ్చును; ఒకటికి దిగువ దిగుటకు దారి కనబడదు. 12వ శతాబ్దిలో బాగ్దాదునకు చెందిన అల్‌ సమావల్‌ ఒకటిని నడుమ నుంచి, ఒకవైపు ఘాతములను, మరియొకవైపు వాని వ్యుత్క్రమములను పట్టికగా వ్రాసెను. 1484లో ఫ్రాన్సు దేశీయుడు నికొలాస్‌ షుకే ఘాతాంకమును అంకెతో సూచించి, సున్నను, ఋణసంఖ్యను సైతము ఆ స్థానమున వాడెను. ఆ గ్రంథము 1880 వరకు అచ్చు కాలేదు. 1656లో జాన్‌ వాలిస్‌ ఋణ, భిన్న ఘాతాంకములను వివరించెను. 1676లో న్యూటన్‌ వ్రాసిన లేఖతో నేటి సంకేతము ప్రచారము పొందెను.

వీరందరు గమనించినది ఒక క్రమమును. 2³ = 8, 2² = 4, 2¹ = 2. ఒక్కొక్క మెట్టు దిగినపుడు విలువ సగమగును. ఆ క్రమము చెడకుండవలెనన్నచో 2⁰ = 1, 2⁻¹ = 1/2, 2⁻² = 1/4, 2⁻³ = 1/8 కావలెను. కావున ఘాతాంకమందలి ఋణచిహ్నము అప్పును తెలుపదు. ఒకటికి దిగువ ఎన్ని మెట్లు దిగితిమో తెలుపును. 1957 ఏప్రిల్‌ 1న మన దేశమున దశాంశ నాణెములు వచ్చినవి. నాటినుండి రూపాయిలో నూరవ వంతైన పైసా విలువ 10⁻² రూపాయి. అది చిన్న ధనమే కాని అప్పు కాదని విరుదునగరు అంగడిలో ఎవరిని అడిగినను చెప్పుదురు.

ఇక రెండు చరరాశులున్న లెక్కను భాస్కరుని అక్షరములతోనే చూడవచ్చును. కా⁻³నీ² అను రాశిని కా²నీ⁻⁴ చే భాగింపవలెననుకొందము. భాగహారమున ఒకే ఆధారము గల ఘాతాంకములను తీసివేయవలెను. కా విషయమున −3 − 2 = −5; నీ విషయమున 2 − (−4) = 6. ఫలము కా⁻⁵నీ⁶. అనగా లవమున నీ⁶, హారమున కా⁵ నిలుచును. ఇచట కా, నీ రెండును సున్న కారాదు. కా ఘాతాంకమును నీ ఘాతాంకముతో ఎన్నడును కలుపరాదు. నలుపు నలుపుతోను, నీలము నీలముతోను మాత్రమే చేరును. "పైది క్రిందికి, క్రిందిది పైకి" అను సూత్రమును మాత్రమే వల్లించినవాడు మొదటి చిక్కు లెక్కలోనే తడబడును. క్రమమెరిగినవాడు సూత్రము మరచినను దానిని తానే తిరిగి సాధించుకొనగలడు.

2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము అనంతరము ఈ రాష్ట్రపు తెలుగు బాలబాలికలు తమిళమును తప్పక అభ్యసించుచున్నారు. తమిళమున ఘాతాంకమును అడుక్కు అందురు. పేర్చిన వరుస అని దాని భావము. ఋణసంఖ్యను కుఱై ఎణ్‌, అనగా కొరతపడిన సంఖ్య, అందురు. తెలుగు మాట అప్పును, తమిళ మాట కొరతను స్ఫురింపజేయును. రెండింటిలో ఏదియు ఘాతాంకము మీది చిన్న గీతకు పూర్తిగా సరిపడదు. కావున పదమును కంఠస్థము చేయించుటతో బోధన ముగియరాదు. పదము వెనుకనున్న భావమును బిడ్డ తన ఇంటి భాషలో ఒకసారి అడిగి తెలిసికొనవలెను. అట్లు తెలిసికొన్న బిడ్డ తరువాత ఏ భాషలో పరీక్ష వ్రాసినను 2⁻³ ను −8 అని వ్రాయదు. తెలుగు మాధ్యమ పాఠశాల తన విద్యార్థులకు ఇవ్వగల ఆస్తులలో ఇది చిన్నది కాదు.