గిటారు ఎఫెక్ట్ పెడల్‌లో రొద

గిటారుకు, ఆంప్లిఫయరుకు నడుమ అమర్చి, కాలితో నొక్కి ధ్వని తీరును మార్చే చిన్న ఎలక్ట్రానిక్ పరికరాన్ని ఎఫెక్ట్ పెడల్ అంటారు. ఇంటిలో స్వయంగా తయారు చేసుకొన్న పెడల్ నుండి సంగీతంతో పాటు వినవచ్చే అవాంఛిత శబ్దమే రొద. హోరు, బుస, కీచుమోత, టప్పుమనే శబ్దం - వీటిలో ఒక్కొక్కదానికి మూలం వేరు. కావున విడిభాగాలను మార్చడానికి ముందు రొద ఏ రకమో చెవితో గుర్తించవలెను.

నేపథ్యం

1962లో గిబ్సన్ సంస్థ మేస్ట్రో పేరుతో విడుదల చేసిన ఎఫ్‌జెడ్-1 ఫజ్-టోన్ తొలి ట్రాన్సిస్టర్ ఫజ్ పెడళ్ళలో ఒకటి. ఫజ్, డిస్టార్షన్ పెడళ్ళు గిటారు సంకేతాన్ని అనేక రెట్లు పెంచుతాయి. ఆ సంకేతంలో కలిసిన రొద కూడా అంతే పెరుగుతుంది.

తొలి పరీక్షలు

* పెడల్‌ను తొలగించి గిటారును నేరుగా ఆంప్లిఫయరుకు కలపాలి. రొద అలాగే ఉంటే దోషం పెడల్‌లో లేదు.
* అడాప్టరు తీసి 9 వోల్టుల బ్యాటరీ పెట్టాలి. రొద ఆగితే దోషం అడాప్టరుది.
* గిటారు వాల్యూమ్‌ను సున్నాకు తగ్గించాలి. రొద ఆగితే అది గిటారు నుండి వస్తున్నది.
* గిటారు పట్టుకొని దిశ మారి నిలబడాలి. హోరు హెచ్చుతగ్గులైతే పికప్ చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రాన్ని గ్రహిస్తున్నది.

ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పని చేసిందో తెలియదు.

రకాలు, కారణాలు, నివారణ

హోరు: భారతదేశంలో గృహ విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మరు అడాప్టరులో ఫుల్ వేవ్ రెక్టిఫయర్ తరువాత మిగిలే అల 100 హెర్ట్జ్ హోరుగా వినిపిస్తుంది. సరఫరా తీగలో 100 ఓంల రెసిస్టరు, దాని తరువాత గ్రౌండుకు 100 మైక్రోఫారడ్ల కెపాసిటరు కలిపితే ఈ అల దాదాపు ఆరో వంతుకు తగ్గుతుంది. 50 హెర్ట్జ్ హోరు సాధారణంగా బయటి నుండి చేరుతుంది. లోహపు పెట్టెను గ్రౌండుకు కలపడం, ఇన్‌పుట్‌కు షీల్డు తీగ వాడడం దీనికి నివారణ.

బుస: ఉష్ణం వలన ప్రతి రెసిస్టరులోను కొంత రొద పుడుతుంది. దీనిపై జాన్సన్, నైక్విస్ట్‌ల పరిశోధనలు 1928లో ప్రచురితమైనవి. బుసను పూర్తిగా పోగొట్టలేము, తగ్గించగలము. కార్బన్ రెసిస్టర్లకు బదులు మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు, 741 ఐసీకి బదులు టీఎల్072 వంటివి వాడాలి. ఐసీ మార్చేటప్పుడు కాళ్ళ వరుసను సరిచూసుకోవాలి.

కీచుమోత: ఔట్‌పుట్ సంకేతం తిరిగి ఇన్‌పుట్‌లోకి చేరడం వలన పుడుతుంది. రెండు తీగలను దూరంగా ఉంచాలి. ఐసీ సరఫరా కాలికి, గ్రౌండుకు మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటరు పెట్టాలి.

టప్పుమనే శబ్దం: స్విచ్చి నొక్కినప్పుడు మాత్రమే వస్తే, కప్లింగ్ కెపాసిటరులో నిలిచిన ఆవేశం కారణం. ఇన్‌పుట్, ఔట్‌పుట్‌ల నుండి గ్రౌండుకు చెరొక 1 మెగా ఓం రెసిస్టరు కలపాలి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పరిసరాలు

సూర్యాపేట, కోదాడ పట్టణాలు 2016 అక్టోబరు 11న ఏర్పడిన సూర్యాపేట జిల్లాలోను, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోను ఉన్నాయి. మిర్యాలగూడ రైస్ మిల్లులకు ప్రసిద్ధి. మిల్లుల మోటార్లు, వెల్డింగు యంత్రాలు, వ్యవసాయ పంపుసెట్లు నడిచే చోట విద్యుత్ లైను ద్వారా చిటపటలు పెడల్‌కు చేరవచ్చు. యంత్రాలు నడిచే వేళ, ఆగిన వేళ విని పోల్చితే కారణం బయటపడుతుంది. ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పేరొందిన బజారు హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ. అంత దూరం వెళ్ళే ముందే పరీక్షలు ముగించి, కావలసిన వాటి జాబితా రాసుకొంటే వృథా ఖర్చు తప్పుతుంది.

భద్రత

హోరు తగ్గుతుందని ఆంప్లిఫయరు ప్లగ్గులోని ఎర్త్ పిన్నును కొందరు తొలగిస్తారు. ఇది ప్రాణాపాయం. ఆంప్లిఫయరులో దోషం ఏర్పడితే 230 వోల్టులు కేబుల్ ద్వారా గిటారు లోహపు తీగలకు, వాటి నుండి వాయించేవారి చేతికి చేరగలవు. హోరును పెడల్‌లోనే సరిచేయాలి. ఎర్త్‌ను ఎన్నడూ తీసివేయరాదు.

ఇవి కూడా చూడండి

* గిటారు
* ట్రాన్సిస్టర్
* కెపాసిటరు