హుద్‌హుద్ తర్వాత విశాఖ: కొవ్వొత్తి, రంపం, వేపచెట్టు

2014 అక్టోబరు 12, ఆదివారం. ఖతార్‌లో ఆదివారం పనిదినం. దోహాలో ఆఫీసు కుర్చీలో కూర్చున్నానన్న మాటే గానీ మనసంతా విశాఖపట్నంలోనే ఉంది. ఆ పొద్దున్నే అమ్మ ఫోను మూగబోయింది. తుఫాను పేరు విని పక్క సీటులోని అరబ్బు మిత్రుడు ఆశ్చర్యపోయాడు. "హుద్‌హుదా? అది పిట్ట పేరు కదా!" అన్నాడు.

నిజమే. తల మీద విసనకర్రలాంటి జుట్టు, పొడుగాటి ముక్కు ఉన్న అందమైన పక్షి అది. సులేమాన్ ప్రవక్తకు షేబా రాణి కబురు మోసుకొచ్చింది ఆ పక్షేనని ఖురాను చెబుతుంది. మన సముద్రాల్లో పుట్టే తుఫాన్లకు చుట్టుపక్కల దేశాలు ముందుగానే పేర్లు ఇచ్చిపెడతాయి. ఈ పేరు ఒమన్ ఇచ్చింది.

నాకు కబురు అందడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది. అమ్మ గొంతు వినబడగానే ప్రాణం లేచివచ్చింది. "మేం బాగానే ఉన్నాం రా. వేపచెట్టే పోయింది" అంది. ఆ రెండో మాటకు ఎందుకంత దుఃఖపడిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

మన తీరానికి తుఫాన్లు కొత్త కాదు. 1839లో కోరంగి రేవు దెబ్బతిన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేల ప్రాణాలు తీసింది. హుద్‌హుద్ నాటికి వాతావరణ శాఖ రోజుల ముందే దారి చెప్పగలిగింది. లక్షల మందిని ముందే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. అందుకే అంత పెద్ద గాలివానలోనూ ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. అయితే మనుషులను తరలించగలం గానీ చెట్లను తరలించలేం కదా!

గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. తుఫాను కన్ను నగరం మీదుగానే సాగింది. మొదట ఒకవైపు నుంచి గాలి, మధ్యలో కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత ఎదురువైపు నుంచి మళ్ళీ గాలి. మొదటి విడతలో వేళ్ళు కదిలిన చెట్టు రెండో విడతకు తట్టుకోలేకపోయింది. విశ్వవిద్యాలయం ఆవరణ, జంతు ప్రదర్శనశాల, ఉక్కునగరం, కంబాలకొండ ఎక్కడ చూసినా కూలిన మానులే. అరకులో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూడా నేలకొరిగాయి. నిలబడిన చెట్లకూ ఆకు మిగల్లేదు. పచ్చటి కొండలు నిప్పంటుకున్నట్టు గోధుమరంగుకు తిరిగాయని అమ్మ చెప్పింది.

ఆ తర్వాతి రోజుల చరిత్రను చిన్న చిన్న వస్తువులతో రాయవచ్చు. మొదటిది కొవ్వొత్తి. రెండోది పాలప్యాకెట్, దాని ధర ఎన్నో రెట్లు పెరిగింది. మూడోది మంచినీళ్ళ క్యాను. జనరేటరు ఉన్నవారి వాకిట్లో సెల్‌ఫోన్ ఛార్జర్ల గుత్తులు వేలాడాయి. ప్రభుత్వం కుటుంబానికి 25 కిలోలు, మత్స్యకార కుటుంబాలకు 50 కిలోల బియ్యం ఇచ్చింది. అన్నిటికన్నా ముఖ్యమైనది రంపం. అడ్డం పడిన మానును కోస్తేగాని దారి లేదు, దారి ఉంటేగాని కరెంటు స్తంభం రాదు, కరెంటు వస్తేగాని కుళాయిలో నీళ్ళు రావు. ఎక్కడెక్కడి నుంచో విద్యుత్ సిబ్బంది వచ్చి రేయింబవళ్ళు పనిచేశారు.

అక్టోబరు 23న దీపావళి వచ్చింది. వీధుల్లో ఎండిన కొమ్మలు గుట్టలుగా పడి ఉండటంతో టపాసులు కాల్చవద్దని ప్రభుత్వం కోరింది. ఆ ఏడు మా వీధిలో ప్రమిదలు మాత్రమే వెలిగాయి. అంత నిశ్శబ్దమైన దీపావళి తాను ఎరగనని నాన్నగారు అన్నారు.

వస్తువులు త్వరగానే తిరిగివచ్చాయి. 2015లో వీధిదీపాల స్థానంలో సుమారు 90 వేల ఎల్‌ఈడీ దీపాలు వెలిశాయి. ప్రపంచ బ్యాంకు సాయంతో కరెంటు తీగలను భూమిలోకి దించే పని మొదలైంది. నావంటి ఇంజనీరుకు అది చాలా సంతోషం కలిగించింది. కానీ నీడ మాటేమిటి? నీడను టెండరు పిలిచి తెప్పించుకోలేం.

తొందరలో ఒక పొరపాటు జరిగింది. త్వరగా పచ్చబడాలని నగరంలో కోనోకార్పస్ మొక్కలు విరివిగా నాటారు. సెలవుకు వెళ్ళినప్పుడు వాటిని చూసి ఉలిక్కిపడ్డాను. దోహా రోడ్ల పక్కన గోడల్లా కత్తిరించి పెంచేది ఆ చెట్టునే! సోమాలియా, యెమెన్ తీరాలది. ఎడారిలో దానికి పని ఉంది. వేపా, చింతా, రావీ పెరిగే నేలలో దాని అవసరమేమిటి? నీళ్ళ కోసం దాని వేళ్ళు పైపుల్లోకి చొరబడతాయని గల్ఫ్ దేశాలవాళ్ళకు అనుభవమే. 2022లో తెలంగాణ, 2023లో గుజరాత్ దీన్ని నాటవద్దన్నాయి.

మా వేపచెట్టు మొదలు కూడా కోసేస్తామని రంపం పట్టుకుని వచ్చినవారిని నాన్నగారు అడ్డుకున్నారు. "అది అడ్డం లేదు బాబూ, ఉండనివ్వండి" అన్నారట. మరుసటి వేసవికి దానికి చిగురు వచ్చింది. ఇప్పుడది మేడ ఎత్తు ఉంది. ఉగాది పచ్చడికి పువ్వు దానిదే. అయితే నేను చిన్నప్పుడు చదువుకున్న ఆ నీడకు ఇంకా చాలా ఏళ్ళు కావాలి. అమ్మ దుఃఖం నాకు అప్పుడు అర్థమైంది.

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటి, దేశం అడ్డంగా నడిచి, అరేబియా సముద్రంలో మళ్ళీ బలపడింది. అప్పుడు దానికి పెట్టిన పేరు షాహీన్, అంటే డేగ. ఆ పేరు ఇచ్చింది ఖతార్. అక్టోబరు 3న అది ఒమన్ తీరాన్ని తాకింది. ఒమన్ పేరు పెట్టిన పిట్ట మన మీద వాలింది, మన మీదుగా వెళ్ళిన గాలి డేగై ఒమన్ మీద వాలింది. ఈ సముద్రాల ఒడ్డున ఎవరి కష్టమూ ఎవరికీ పరాయిది కాదు.

ఈ సంచిక చదువుతున్న మీలో చాలామంది హుద్‌హుద్ అప్పుడు తలా కొంత పంపే ఉంటారు. ఆ డబ్బు బియ్యమై, దుప్పటై ఆదుకుంది. ఈసారి ఊరు వెళ్ళినప్పుడు ఒక వేపమొక్క నాటి రండి. దానికి మూడు వేసవులు నీళ్ళు పోసే మనిషిని కూడా చూసి రండి. మొక్క ఖరీదు తక్కువే, నీళ్ళు పోయడమే అసలు సాయం.