ఎన్ని ఎకరాలు దాటితే దొర?

మనం చదువుకున్న రోజుల్లో సాంఘికశాస్త్రం పీరియడ్‌లో తెలంగాణ రైతాంగ పోరాటం అరగంటలో అయిపోయేది. దొరలు ఒకవైపు, జనం ఒకవైపు, మధ్యలో ఎవరూ లేరన్నట్టు. ఊళ్లో పుట్టి పెరిగిన మనకు తెలుసు, ఊరు అంత తేలిగ్గా రెండుగా చీలదని.

1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభలో సభ్యత్వ రుసుమును నాలుగణాలకు తగ్గించారు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కూలివాడు సభ్యుడు కావడానికి దారి అదే. మితవాదులు విడిపోయారు. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి మాత్రం స్వయంగా భూస్వామి ఇంట పుట్టినవారు! పుట్టిన ఇంటిని బట్టి ఎవరు ఏ పక్షమో చెప్పలేం.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పొలం మీద విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్ను పడింది. సంఘం కార్యకర్తలు పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న కడివెండిలో ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య ప్రాణాలు కోల్పోయాడు. వెట్టి, లెవీ ధాన్యం, బేదఖలు... ఈ మూడింటి మీది కోపం కూలీని, కౌలుదారును, పొలమున్న రైతును ఒక్కచోటికి తెచ్చింది.

చిక్కు భూమి పంచే దగ్గర వచ్చింది. ఎన్ని ఎకరాలు దాటితే దొర? సంఘం మొదట 500 ఎకరాలంది. తర్వాత 200కు దించింది. చివరికి చెలక అయితే 100, తరి అయితే 10. గీత కిందికి దిగినకొద్దీ కూలీల్లో ఆశ పెరిగింది, నిన్నటిదాకా సంఘానికి అన్నం పెట్టిన పెద్ద రైతుకు గుబులు పట్టుకుంది. నా దృష్టిలో ఆ పోరాట చరిత్రంతా ఈ మూడు అంకెల్లోనే ఉంది.

1948 సెప్టెంబరులో సైనిక చర్య జరిగింది. పారిపోయిన దొరలు చాలామంది గాంధీ టోపీలతో ఊళ్లకు తిరిగొచ్చారు. నిజాం పాలన పోయింది కదా, ఇంకా పోరెందుకని ధనిక రైతులు పక్కకు తప్పుకున్నారు. పంచుకున్న చెలక చేజారుతుందేమోనని కూలీలకు భయం. భూమి తగాదా పార్టీల తగాదాగా మారింది అప్పుడే.

1951 అక్టోబరులో పోరాటం ఆగింది. 1952 ఎన్నికల్లో నల్లగొండలో రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. హైదరాబాదులో ప్రభుత్వం మాత్రం కాంగ్రెస్‌ది.

1950 కౌలుదారీ చట్టం కింద వచ్చిన రక్షిత కౌలుదారు కాగితం మా బెంచీ మిత్రుడొకడి ఇంట్లో ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఉంది. ఆ పొలం ఇప్పుడు ఎవరి పట్టాలో ఉందో వాడు చెప్పడు, మేమూ అడగం. ఆ పట్టాదారు మనవడు కూడా మా బ్యాచే.